పెట్టుబడి సాయం కాస్తు చేసేవారికి రావాలి

తెలంగాణలో పంట పెట్టుబడి పేరుతో ఇచ్చే సర్కారు సొమ్ము 2018 మే నుంచి పట్టాదారు పాసుపుస్తకం వెంటే నడుస్తోంది. సీజన్‌కు ఎకరాకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు మరుసటి ఏడాదే 5,000 అయింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారి ఎకరాకు ఏడాదికి 12,000కు చేరింది. గుట్టలను, ప్లాట్లయిన భూములను లెక్కలోంచి తీసేయడం మంచి మార్పే. ఆ భూమిని దున్నుతున్నదెవరన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముప్పై ఎకరాలు కౌలుకిచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ యజమానికి ఈ లెక్కన ఏటా 3 లక్షల 60 వేలు వస్తాయి. అదే భూమిలో పత్తి పెట్టిన మనిషికి రూపాయి రాదు, పైగా కౌలు ముందే కట్టాలి.

ఇలాంటివారు కొద్దిమందే అనుకోవడం పొరపాటు. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో సాగుదారుల్లో మూడో వంతుకు పైగా కౌలు రైతులేనని తేలింది. జనగామ మెట్టల్లో పత్తి పెట్టినా, మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో మిర్చి పెట్టినా విత్తనం, ఎరువు, కూలీల ఖర్చంతా కౌలుదారుదే. పాసుపుస్తకం లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు కాబట్టి షావుకారు దగ్గర మిత్తికి తేవాల్సిందే. పంట పోయి ప్రాణం తీసుకుంటే 5 లక్షల రైతు బీమా కూడా ఆ ఇంటికి రాదు, ఎందుకంటే అదీ పట్టాదారుకే. వ్యవసాయంలో నష్టభయం మోసేది ఒకరు, దానికి ఇచ్చే రక్షణ మరొకరిది. ఇంతకంటే పెద్ద అన్యాయం ఈ పథకంలో నాకు కనిపించడం లేదు. 2022 మే 6న వరంగల్ రైతు డిక్లరేషన్‌లో కాంగ్రెస్ కౌలు రైతులకూ ఎకరాకు 15,000 ఇస్తామంది. అధికారంలోకి వచ్చాక భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ప్రకటించింది కానీ, కౌలు రైతు ఆ లెక్కలోకి కౌలు రైతుగా రాడు.

ఈ నేల మీద కౌలు రైతు కనపడడం లేదనడం మరీ విచిత్రం. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. ఆమె పేరును 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది. అక్కడ ఈరోజు కౌలు చేస్తున్న ఆడమనిషి పేరు మాత్రం సర్కారు రైతుల జాబితాలో ఉండదు.

కౌలుదార్లు ఏటా మారతారు, గుర్తించడం కుదరదు అని గత ప్రభుత్వం చెప్పేది. 2020 పట్టాదారు పాసుపుస్తకాల చట్టంతో రికార్డుల్లో సాగుదారు పేరు రాసే కాస్తు కాలమ్‌ను తీసేసిందీ ఆ ప్రభుత్వమే. అయితే 2023 మార్చిలో వడగళ్లు పడ్డప్పుడు అప్పటి ముఖ్యమంత్రి మహబూబాబాద్ జిల్లా రెడ్డికుంట తండాకు వచ్చారు. ఆ పర్యటనలోనే ఎకరాకు 10,000 పరిహారం ప్రకటించి కౌలు రైతులనూ ఆదుకోవాలన్నారు. ఒక్క వానకు గుర్తించాలనుకున్నవాళ్లను ప్రతి సీజన్‌లోనూ గుర్తించవచ్చు. భూమి పోతుందన్న యజమాని భయం మాత్రం ఉత్తది కాదు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చిన జ్ఞాపకం ఇక్కడి పల్లెల్లో ఇంకా ఉంది. అందుకే ఉమ్మడి రాష్ట్రం 2011లో తెచ్చిన సాగుదారుల చట్టం, గుర్తింపు కార్డుతో భూమిపై ఏ హక్కూ రాదని స్పష్టంగా రాసింది. ఆ చట్టాన్ని మూలన పడేశారంతే. సాయం కౌలుదారుకిస్తే యజమాని కౌలు పెంచుతాడన్న వాదనలో కొంత నిజముంది. కానీ పేరు నమోదైతే అప్పుకు, బీమాకు, పంట నష్టానికి దారి దొరుకుతుంది. వాటిని ఏ యజమానీ కౌలులో కలుపుకోలేడు. ఇక వయసు మీదపడి రెండెకరాలు కౌలుకిచ్చే ముసలివాళ్లకు కావాల్సింది పింఛను, పంట పెట్టుబడి కాదు.

వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) ప్రతి సీజన్‌లో సర్వే నంబరు వారీగా ఏ పంట వేశారో రాసుకుంటూనే ఉన్నారు. అందులోనే సాగు చేసేవారి పేరు చేర్చి, గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలు వింటే చాలు. కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో, గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1/70 చట్టానికి భంగం రాకుండా ఆ నమోదు గిరిజనులకే ఉండాలి. పెద్ద కమతాలకు పదెకరాల దగ్గర గీత గీస్తే కౌలు రైతుల కోసం కొంత సొమ్ము కూడా మిగులుతుంది. వచ్చే వానాకాలం పంట నమోదులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచే ఈ పని మొదలుపెట్టాలి.