మడి నీళ్ళూ తోలు వాషరూ



"బావులు పోయాయి, పంపులొచ్చాయి. ఇంకా కులం ఎక్కడుంది సార్? మీరింకా 'ఊరబావి' చెబుతూ కూర్చుంటే ఎట్లా?" అన్నాడు స్టాఫ్ రూములో ఓ సహోద్యోగి. కొలకలూరి ఇనాక్ కథ మీద ఆయన విసుగు సంగతి అట్లా ఉంచండి. ఆయనకి పంపు గురించి తెలియదు. నాకు తెలుసు. అందుకని ఈ వారం పంపు గురించే.

నేను అద్దెకుండేది పై వాటాలో. పెరట్లో పాత చేతిపంపు ఉంది. డెల్టా ఊరు, పదిహేను అడుగుల్లోనే నీళ్ళు. ఇంటి మామ్మగారు దేవుడి పనికీ మడి వంటకీ కుళాయి నీళ్ళు ముట్టుకోరు, ఆ పంపు నీళ్ళే. వేసవిలో నెల్లాళ్ళు కొడుకు దగ్గరుండి వచ్చేసరికి పంపు మొరాయించింది. చెంబుడు నీళ్ళు పోస్తే గుటగుటా దిగిపోతున్నాయి. హ్యాండిల్ తేలిగ్గా ఊగుతోంది. మెకానిక్ ఎందుకండీ, నేను చూస్తానన్నాను.

హ్యాండిల్ పిన్ను కొట్టి తీశాను. మూత బోల్టులు తుప్పు పట్టుంటే కిరసనాయిలు పోసి గంట ఆగాను. రాడ్డు పైకి లాగితే చివర గిన్నెలాంటి వాషరు. తోలు. ఎండి, ముడుచుకుపోయి, అంచు పగిలింది. బ్యారెల్ అడుగున ఇంకో తోలు బిళ్ళ, ఎక్కిన నీళ్ళు కిందికి జారకుండా ఆపే తలుపన్నమాట. రాడ్డు లేచినప్పుడు, తడిసి ఉబ్బిన తోలు బ్యారెల్ గోడని గాలి చొరకుండా పట్టుకుంటుంది. కింద ఖాళీ ఏర్పడితే బయటి గాలి బరువే నీళ్ళని గొట్టంలోకి తోస్తుంది. నీళ్ళు పాతిక అడుగుల కిందికి పోతే ఈ పంపు లాగలేదు. తోలు ఎండినా లాగలేదు.

కొత్త వాషరు రాత్రంతా నీళ్ళలో నానేసి, ఆముదం పట్టించి, గిన్నె మూతి పైకుండేలా ఎక్కించి నట్టు బిగించాలి. తిరగేసి ఎక్కిస్తే చచ్చినా నీళ్ళు రావు. ఇది పీహెచ్‌డీలో నేర్చుకున్నది కాదు. చెప్పులు కుట్టే మా నాయన పంపు వాషర్లు కూడా కోసిచ్చేవాడు. తాత మోటలకి తోలు తొండాలు కుట్టాడు.

కరెంటు మోటార్లు రాకముందు మోటబావుల కింద పండిన పంటంతా ఆ తోలు తొండాల్లోంచి జారిన నీళ్ళతోనే పండింది. వాటిని కుట్టిన మాదిగ మాత్రం దాహమేస్తే ఊరబావి గట్టు కింద దోసిలి పట్టి నిలబడ్డాడు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగితే, పేడా గోమూత్రం పాలూ పెరుగూ కలిపి 108 కుండలు పోసి ఆ చెరువుని శుద్ధి చేశారు. 1985లో కారంచేడు మొదలైంది కూడా మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గరే.

తోలు తగిలితే నీళ్ళు మైలపడతాయా, పడవా? పడితే ఆ పెరటి పంపులో ప్రతి చుక్కా మైలే, రెండు తోళ్ళు దాటొచ్చింది. పడకపోతే మా తాతని గట్టెందుకు ఎక్కనివ్వలేదు? "తోలు పని చేస్తారు, శుభ్రత ఉండదు, అందుకే దూరం పెట్టారు" అని ఇప్పటికీ రాసే పండితులు దీనికి జవాబు చెప్పాలి. ఇనుప గొట్టంలో కనబడకుండా ఉన్నంతకాలం తోలుతో వాళ్ళకే పేచీ లేదు. పేచీ అంతా కుట్టిన మనిషితోనే.

మామ్మగారు పాత వాషరు చూశారు.

"ఇదేంటి మాస్టారూ, తోలా?"

"అవునండీ. మొదట్నుంచీ అదే."

"రబ్బరుది దొరకదా?"

"దొరుకుతుందండీ. తెమ్మంటే తెస్తాను."

కాసేపు ఊరుకుని, "ఈ పనంతా ఎక్కడ నేర్చుకున్నారు? నాన్నగారేం చేసేవారు?" అన్నారు.

మనకి బాగా తెలిసిన ప్రశ్నే. ఇల్లు ఇచ్చేటప్పుడు ఇంటిపేరుతో తేలకపోతే తర్వాత ఇట్లా తేల్చుకుంటారు. మాదిగలమండీ, నాయన చెప్పులు కుట్టేవాడు అని చెప్పాను.

నాలుగో రోజు తాతగారు మెట్లెక్కి వచ్చారు. కొడుకు వస్తున్నాడట, నెలాఖరుకి పై వాటా ఖాళీ చెయ్యాలట. రబ్బరు వాషరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తెల్లారి అయిదింటికి పంపు చప్పుడుకి మెలకువొస్తోంది. మామ్మగారు మడి నీళ్ళు పట్టుకుంటున్నారు.

సహోద్యోగికి చెప్తే, "నిజంగానే కొడుకు వస్తున్నాడేమో సార్, మీరు ప్రతిదానికీ కులం అంటారు" అన్నాడు.

నెలాఖరు ఇంకో పదకొండు రోజులుంది. కాలేజీకి దగ్గర్లో రెండు గదుల ఇల్లుంటే చెప్పండి. నా కులం వాళ్ళకి ముందే చెప్పేయండి.