ల్యాప్‌టాప్ బదులు చిన్న పెట్టె: ఎవరికి తగును?



అరకులోయలో కిరాణా దుకాణం నడుపుకొనే మా మిత్రునికి గత సంవత్సరం మేము ఒక సలహా ఇచ్చాము. అది సగమే సరియైన సలహా అని తరువాత తెలిసింది. ఇప్పుడు అదే ప్రశ్న మరికొన్ని ఇళ్ల నుండి మాకు వస్తున్నది గనుక, మిగిలిన సగాన్ని ఈ నెల వ్రాయడం మా బాధ్యత అని భావిస్తున్నాము.

మిత్రుని కుమార్తె విశాఖపట్నంలో తన ఖాలా ఇంట ఉండి బీకాం కంప్యూటర్స్ చదువుతున్నది. సెలవు దొరికినప్పుడల్లా రైలులో ఇంటికి వస్తుంది. కళాశాలలో చేరగానే కంప్యూటర్ కావలసి వచ్చింది. పనికివచ్చే కొత్త ల్యాప్‌టాప్‌కు దుకాణంలో రూ.45,000 చెప్పారు. "హజ్రత్, మీరు సంచిలో ఏదో చిన్న పెట్టె తెచ్చుకొంటారు గదా, అది మా అమ్మాయికి సరిపోదా?" అని ఆయన మమ్మల్ని అడిగారు.

ఆయన అన్నది నిజమే. మేము బోధించే మదర్సా విశాఖపట్నంలో ఉన్నది. వేసవి, దసరా సెలవులలో అరకులో కొద్దిమంది పిల్లలకు పాఠాలు చెబుతాము. రెండుచోట్లా తెర, కీబోర్డు, మౌస్ ఉన్నాయి. వాటి మధ్య మేము తీసుకువెళ్లేది ఒక కితాబు అంత పెట్టె మాత్రమే. కార్యాలయాలు నాలుగైదేళ్లు వాడి తీసివేసిన ఇటువంటి పెట్టెలు సెకండ్ హ్యాండ్ దుకాణాలలో దొరుకుతాయి. సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, మూడున్నర సెంటీమీటర్ల మందం ఉంటాయి. లోపల ఉండేది పూర్తి కంప్యూటరే. మిత్రుడు కూతురికి అటువంటిదే రూ.12,000కు కొన్నారు. ఖాలా ఇంట ఒక పాత మానిటర్ ఉన్నది. అరకు ఇంట టీవీ ఉన్నది. అందరూ సంతోషించారు. అందరికంటే ఎక్కువగా మేము సంతోషించాము.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1981లో అమెరికాలో వచ్చిన ఆస్బోర్న్ 1 అనే యంత్రాన్ని వెంట తీసుకువెళ్లగల కంప్యూటర్ అనే అమ్మారు. దాని బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు. దానిలో బ్యాటరీ లేదు. చేరిన చోట ప్లగ్గు వెతుక్కోవలసిందే. బ్యాటరీతో ఒడిలో పెట్టుకొని వాడే యంత్రాలు సామాన్యులకు అందింది తరువాతి కాలంలో. 2005 జనవరిలో ఆపిల్ సంస్థ మ్యాక్ మినీని తెచ్చినప్పుడు తెర, కీబోర్డు, మౌస్ మీరే తెచ్చుకోండి అని చెప్పి అమ్మింది. 2024లో వచ్చిన మ్యాక్ మినీ 12.7 సెంటీమీటర్ల చదరానికి తగ్గిపోయింది. 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 400లోనైతే కంప్యూటర్ మొత్తం కీబోర్డు లోపలే ఇమిడిపోయింది. పెట్టె ఇంత చిన్నదయ్యేసరికి, దీనిని సంచిలో వేసుకొంటే ల్యాప్‌టాప్ ఎందుకు అన్న ప్రశ్న అందరికీ కలుగుతున్నది.

ఇక మా సలహాలోని లోపం సంగతి చెబుతాము.

దసరా సెలవులలో ఒక సాయంత్రం, మగ్రిబ్ తరువాత, ఆ అమ్మాయి టీవీకి పెట్టెను తగిలించి కళాశాలలో ఇవ్వవలసిన ప్రాజెక్టు వ్రాస్తున్నది. బయట ఉరుములతో వాన. ఒక్కసారి కరెంటు పోయింది. ఇంట ఇన్వర్టర్ ఉన్నది గనుక లైటు రెప్పపాటు ఆరి వెలిగింది. కాని ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదటి నుండి మొదలైంది. రెండు గంటలు వ్రాసినది పోయింది. మరునాడు మేము వారింటికి వెళ్లినప్పుడు అమ్మాయి మర్యాదగానే అడిగింది: "హజ్రత్, ల్యాప్‌టాప్ అయితే ఇలా పోయేది కాదు గదా?"

"పోయేది కాదు బేటీ. లోపం పెట్టెలో లేదు, మేము చెప్పిన మాటలో ఉన్నది" అని ఒప్పుకొన్నాము.

ల్యాప్‌టాప్ కొన్నవారు తెలియకుండానే నాలుగు వస్తువులు కొంటారు: కంప్యూటర్, తెర, కీబోర్డు, బ్యాటరీ. మేము మొదటి మూడింటినే లెక్కించాము. ఈ కొండలలో నాలుగవది ముఖ్యం. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955 నుండి ఈ తూర్పు కనుమలలోనే పుడుతున్నది. అయినా గాలివానకు ఒక చెట్టుకొమ్మ తీగపై పడితే చాలు, ఊరు చీకటవుతుంది. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖ నగరమే రోజుల తరబడి కరెంటు లేక గడిపింది. మేము విశాఖలో కూర్చొని అరకు ఇంటికి సలహా ఇచ్చాము, ఆ ఇంటి కరెంటు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ రోజే ఇన్వర్టర్‌ను పరిశీలించాము. చాలా ఇన్వర్టర్ల వెనుక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు సాధారణం, రెండవవైపు యూపీఎస్ అని వ్రాసి ఉంటుంది. సాధారణ స్థితిలో కరెంటు మారడానికి పట్టే క్షణకాలాన్ని లైట్లు, ఫ్యాన్లు తట్టుకొంటాయి, కంప్యూటర్ తట్టుకోదు. యూపీఎస్ స్థితిలో ఆ మార్పు కంప్యూటర్ ఆగనంత వేగంగా జరుగుతుంది. స్విచ్ మార్చి, మెయిన్ ఆపి చూచాము. పెట్టె ఆగలేదు. పైసా ఖర్చు లేదు. వ్రాస్తున్నది కొద్ది నిమిషాలకొకసారి దానంతట అదే భద్రమయ్యేట్లు కూడా అమర్చాము. ఉరుములు మొదలైతే పని భద్రపరచి, ప్లగ్గు తీసివేయమని చెప్పాము; పిడుగు పడితే ఏ స్విచ్ కూడా కాపాడలేదు.

అయితే పెట్టెకు బ్యాటరీ తగిలించి ల్యాప్‌టాప్ వలెనే వాడరాదా అని కొందరు అడుగుతారు. వాడవచ్చు, కాని లెక్క చూడండి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండే శక్తి సుమారు 74 వాట్ అవర్లు. మార్పిడిలో కొంత పోగా 60 వరకు మిగులుతుంది. పెట్టె 15 నుండి 20 వాట్లు, చేతితెర 8 నుండి 10 వాట్లు తీసుకొంటే సుమారు రెండు, రెండున్నర గంటలే వస్తుంది. పైగా పెట్టె కోరే వోల్టేజీ ఇవ్వగల పవర్ బ్యాంకు, దానికి తగిన తీగ, చేతితెర, కీబోర్డు అన్నీ కొనాలి. ఇవన్నీ కలిపితే ఖర్చు ల్యాప్‌టాప్ దరిదాపులకు వస్తుంది. సంచిలో తీగలు మాత్రం అదనం. పెట్టెను ల్యాప్‌టాప్‌గా మార్చబోయేవారు ల్యాప్‌టాప్‌నే ముక్కలుగా కొంటున్నారని గ్రహించాలి.

మరి పెట్టె ఎవరికి మేలు? రెండు స్థిరమైన చోట్ల మధ్య తిరిగేవారికి. విశాఖ నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కిరండోల్ రైలు ఎన్నో సొరంగాలు దాటి సుమారు నాలుగు గంటలలో చేరుస్తుంది. ఆ నాలుగు గంటలు పని చేయవలసినవారికి పెట్టె పనికిరాదు. కిటికీలో నుండి అనంతగిరి లోయలను చూస్తూ వెళ్లగలవారికి ఏ కొరతా లేదు. ఈ అమ్మాయి రెండవ కోవకు చెందినది.

మరొక అనుభవం కూడా చెప్పాలి. మొదటి సంవత్సరం తరువాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఆమె డుంబ్రిగూడ మండలంలోని పల్లెలలో ఇంటింటి వివరాలు సేకరించింది. అప్పుడైనా ల్యాప్‌టాప్ లేని లోటు తెలుస్తుందని మేము అనుకొన్నాము. అలా జరుగలేదు. అరుగుమీద కూర్చున్న గిరిజన తల్లితో మాట్లాడేటప్పుడు మధ్యలో తెర ఎత్తి పెట్టడం ఆమెకు బాగుండలేదట. కాగితంపై వ్రాసుకొని, అవసరమైనవి ఫోనులో నమోదు చేసి, సాయంత్రం ఇంట పెట్టె ముందు కూర్చొని ఎక్కించింది.

ఇంటి సంగతి కూడా ఒకటి ఉన్నది. టీవీయే తెర గనుక పని హాలులో జరుగుతుంది. తమ్ముడు పక్కన కూర్చొని తెలుగు టైపింగ్ నేర్చుకొన్నాడు. కాని దాదీ వార్తలు చూచే వేళ చదువు ఆగవలసి వచ్చింది. పైగా 32 అంగుళాల సాధారణ టీవీలలో చాలావాటికి చుక్కలు తక్కువ; దృశ్యాలకు బాగుంటుంది గాని, అక్షరాలు బరకగా కనిపించి కళ్లు అలసిపోతాయి. చివరకు తండ్రి ఒక పాత మానిటర్ తెచ్చి మూలగదిలో పెట్టించారు. చదువుకొనే బిడ్డకు కొంత ఏకాంతం కూడా అవసరమే.

కొనదలచినవారు దుకాణంలోనే చూచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతిది అడగండి, లేనిచో విండోస్ 11కు అధికారికంగా అర్హత ఉండదు. పాతదే తీసుకొంటే లినక్స్ వేయించుకోవచ్చు. కార్యాలయాల పెట్టెలు కొన్నింటిలో వైఫై ఉండదు. కెమెరా, మైకు సాధారణంగా ఉండవు. ఆన్‌లైన్ తరగతులకు విడిగా కొనాలి. అడాప్టర్ తప్పక అడిగి తీసుకోండి. మేము ఒకసారి పెట్టెను శ్రద్ధగా గుడ్డలో చుట్టి తెచ్చి, అడాప్టర్‌ను విశాఖలోనే మరచినాము. అరకు బజారులో ఆ పిన్నుకు సరిపోయేది దొరకలేదు. వారం రోజులు పెట్టె బల్లమీద కితాబుకు దన్నుగా ఉన్నది! అప్పటి నుండి రెండవ అడాప్టర్ ఒకటి అక్కడే ఉంచుతున్నాము.

పెట్టెలోని గొప్ప మేలు మరమ్మతు. కీబోర్డు చెడితే కొద్ది వందలతో మరొకటి వస్తుంది. తెర పోతే తెర మాత్రమే మార్చుకొంటాము. మెమొరీ, డిస్కు చాలావాటిలో మర ఊడదీసి మార్చవచ్చు. ఒక భాగం చెడినందుకు మొత్తం పారవేసే దుబారా ఉండదు.

వచ్చే సంవత్సరం ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాలి. ఆ కార్యాలయంలో ఎవరి ల్యాప్‌టాప్ వారే తెచ్చుకోవాలట. మిత్రుడు మళ్లీ మమ్మల్ని అడిగారు. ఈసారి మేము ముందుగా ప్రశ్నలు వేశాము: ఎక్కడ కూర్చుంటుంది, అక్కడ తెర ఉన్నదా, కరెంటు ఎలా ఉన్నది, దారిలో పని ఉన్నదా? సమాధానాలు విన్న తరువాత చెప్పాము: "ఇప్పుడు ల్యాప్‌టాప్ కొనండి. రెండేళ్లలో కూడబెట్టిన సొమ్ముకు ఇదే సమయం."

పెట్టె ఏమవుతుందని ఆయన అడగలేదు. అప్పటికే తమ్ముడు దాని ముందు కూర్చొని ఉన్నాడు.