సైకిల్ మీద పులి.. గ్రౌండ్‌లో పిల్లి? 1600 మీటర్ల పరుగుకు సైక్లింగ్ ఫిట్‌నెస్ ఎంతవరకు పనికొస్తుంది?

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కు దాదాపు 25 కిలోమీటర్లు. ఇందుకూరుపేట మీదుగా వెళ్లే ఈ దారిలో ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు. సైకిల్ అలవాటున్న కుర్రాడు గంటంపావులో ఈజీగా చేరిపోతాడు. అలాంటి వాడికి 1600 మీటర్ల పరుగు ఓ లెక్కా అనిపిస్తుంది. కానీ అదే కుర్రాడు ఏ ప్రాక్టీసూ లేకుండా పోలీస్ గ్రౌండ్‌లో దిగితే మూడో రౌండ్‌కే పిక్కలు పట్టేసి ఆగిపోవచ్చు. ఊపిరి సరిపోతుంది, గుండె సహకరిస్తుంది. కాళ్లే మొరాయిస్తాయి. ఎందుకిలా? సైకిల్ తొక్కి సంపాదించిన దమ్ము పరుగులో ఎంత మిగులుతుంది?

కోస్తా గ్రామాల్లో కానిస్టేబుల్, ఆర్మీ ఉద్యోగాలకు సిద్ధమయ్యే వేలాది మందికి ఇది ఉద్యోగం వస్తుందా, రాదా అన్నంత పెద్ద ప్రశ్న.

8 నిమిషాల గీత

ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. 95 వేల మందికి పైగా అర్హత సాధించారు. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు 30న గానీ మొదలు కాలేదు. అంటే రాత పరీక్షకు, పరుగుకు మధ్య దాదాపు రెండేళ్ల గ్యాప్. అన్నాళ్లూ ఫిట్‌నెస్ కాపాడుకోవడమే అభ్యర్థులకు అసలు పరీక్ష అయ్యింది.

ఆ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద పురుషులకు ఇది రౌండ్‌కు 2 నిమిషాల చొప్పున 4 రౌండ్లు. గంటకు 12 కిలోమీటర్ల వేగం అన్నమాట. అగ్నివీర్ ర్యాలీలో లెక్క ఇంకా కఠినం. 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తేనే పూర్తి 60 మార్కులు. అది గంటకు దాదాపు 17.5 కిలోమీటర్ల వేగం.

ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి. సైకిల్ ఫిట్‌నెస్ ఎక్కడిదాకా తీసుకెళ్తుంది, ఎక్కడ వదిలేస్తుంది అన్నది ఈ రెంటి మధ్యే తేలిపోతుంది.

టూర్ డి ఫ్రాన్స్ వీరుడికే చెమటలు

ప్రపంచంలో అత్యంత బలమైన గుండె, ఊపిరితిత్తులు ఉన్నవాళ్లలో ప్రొఫెషనల్ సైక్లిస్టులు ముందుంటారు. మరి వాళ్లు సైకిల్ దిగి పరిగెత్తితే?

లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2006 నవంబరులో న్యూయార్క్ మారథాన్‌లో దిగారు. అప్పటికి ఆయన వరుసగా ఏడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన వ్యక్తి. డోపింగ్ బయటపడి 2012లో ఆ టైటిళ్లన్నీ రద్దయ్యాయి, అది వేరే కథ. కుర్రాడిగా ఉన్నప్పుడు ట్రయాథ్లాన్‌లో పోటీపడ్డారు కాబట్టి పరుగు ఆయనకు కొత్త కూడా కాదు. అయినా 42.195 కిలోమీటర్లు పూర్తి చేయడానికి 2 గంటల 59 నిమిషాల 36 సెకన్లు పట్టింది. మోకాళ్ల కింద ఎముకల నొప్పితో ఇబ్బంది పడ్డారు. తాను చేసిన వాటిలో శారీరకంగా ఇదే అత్యంత కష్టమైనదని ఫినిష్ లైన్ దాటాక చెప్పారు.

మూడు గంటల్లోపు మారథాన్ మామూలు మనిషికి గొప్పే. కానీ ఎలైట్ రన్నర్ల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2023లో చికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ తీసుకున్న సమయం 2 గంటల 35 సెకన్లు. మరుసటి ఏడాది, అంటే 2007లో, ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ న్యూయార్క్‌లోనే పరిగెత్తారు. ఈసారి 2 గంటల 46 నిమిషాల 43 సెకన్లు. ఏడాదిలో 13 నిమిషాలు తగ్గింది. పరుగుకు కాళ్లు అలవాటు పడితే ఎంత మార్పు వస్తుందో ఈ తేడాయే చెబుతోంది.

నెదర్లాండ్స్ సైక్లిస్ట్ టామ్ డ్యుమోలిన్‌ది ఇంకో ఉదాహరణ. 2017లో జిరో ది ఇటాలియా గెలిచిన ఆయన 2022లో రిటైరయ్యారు. ఆ ఏడాదే 10 కిలోమీటర్లను 32 నిమిషాల 38 సెకన్లలో పరిగెత్తి అందరినీ ఆశ్చర్యపరిచారు. అంటే గంటకు 18 కిలోమీటర్లకు పైగా వేగం. మన ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లకు అడిగే వేగం కంటే ఎక్కువ వేగంతో ఏకంగా 10 కిలోమీటర్లు! 2024లో ఆమ్‌స్టర్‌డామ్ మారథాన్‌ను రెండున్నర గంటల్లోపే ముగించారు.

సైక్లింగ్ పనికిరాదని కాదు. పునాది బలంగా ఉండి, పైన పరుగు ప్రాక్టీస్ కూడా తోడైతే ఫలితం ఇలా ఉంటుంది. కాకపోతే అది ఒలింపిక్ పతకాలు గెలిచిన శరీరం అన్న సంగతి మర్చిపోకూడదు.

గుండె వస్తుంది.. కాళ్లు రావు

అసలు విషయం ఏంటంటే, ఫిట్‌నెస్ అనేది ఒకటి కాదు, రెండు. ఒకటి ఇంజిన్, రెండోది చక్రాలు.

గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తాన్ని పంపుతుంది, ఆ రక్తం ఎంత ఆక్సిజన్ మోస్తుంది అన్నది ఇంజిన్. సైకిల్ తొక్కినా, పరిగెత్తినా, ఈత కొట్టినా గుండెకు పనే. 1600 మీటర్ల పరుగుకు కావాల్సిన శక్తిలో సుమారు 80 శాతం ఆక్సిజన్ ద్వారానే తయారవుతుంది. కాబట్టి సైకిల్ మీద సంపాదించిన దమ్ములో చాలా భాగం ఇక్కడ అక్కరకొస్తుంది.

చక్రాల సంగతే వేరు. సైకిల్ మీద శరీర బరువును సీటు మోస్తుంది. పెడల్ గుండ్రంగా తిరుగుతుంది, నేలకు దెబ్బ లేదు. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు, మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. 65 కిలోల కుర్రాడైతే అడుగుకు 130 నుంచి 195 కిలోలు. 8 నిమిషాల పరుగులో వేసే అడుగులు దాదాపు 1,400. అన్ని దెబ్బలు తట్టుకోవడం పిక్కలకు, మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌కు, ఎముకలకు సైకిల్ నేర్పదు.

ఇంకో తేడా కూడా ఉంది. పరుగులో కాలు నేలను తాకినప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి. పెడల్ తొక్కేటప్పుడు ఆ పని దాదాపు ఉండదు. సైక్లిస్టులు మొదటిసారి పరిగెత్తిన మర్నాడు మెట్లు దిగలేక అవస్థ పడేది ఇందుకే.

అందుకే రన్నింగ్ నుంచి సైక్లింగ్‌కు మారడం కాస్త సులువు, సైక్లింగ్ నుంచి రన్నింగ్‌కు మారడం కష్టం అని ట్రయాథ్లెట్ల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కెనడాకు చెందిన మైకేల్ వుడ్స్ ఇందుకు ఉదాహరణ. 2005లో మైలు దూరాన్ని 4 నిమిషాల్లోపు పరిగెత్తిన ఆయన, కాలి ఎముక గాయాలతో రన్నింగ్ వదిలి సైకిల్ ఎక్కారు. 2023లో టూర్ డి ఫ్రాన్స్‌లో స్టేజ్ గెలిచారు.

అసలు ప్రమాదం ఇక్కడే

ఏ ఫిట్‌నెస్ లేనివాడు పరుగు మొదలుపెడితే ముందు ఊపిరి అందదు. కాళ్లు దెబ్బతినేలోపే ఆగిపోతాడు. సైక్లిస్టుకు ఆ బ్రేక్ లేదు. దమ్ముంది కాబట్టి మొదటి వారమే రోజూ 5 కిలోమీటర్లు కొట్టేస్తాడు. మూడో వారానికి షిన్ పెయిన్, ఆ తర్వాత కూడా వినకపోతే ఎముకలో సన్నటి పగులు. డాక్టర్లు దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. అది మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా హాల్ టికెట్ మీద తేదీ దాటిపోతుంది. పైగా ప్రొఫెషనల్ రోడ్ సైక్లిస్టుల్లో వెన్నెముక దగ్గర ఎముక సాంద్రత తక్కువగా ఉంటోందని అధ్యయనాలు గుర్తించాయి. ఎముకకు దెబ్బ తగిలితేనే బలం వస్తుంది. సైకిల్ మీద ఆ దెబ్బ లేదు మరి.

బీచ్ ఇసుకలో పరుగు.. మేలెంత? కీడెంత?

మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంట లాంటి చోట్ల ఉండేవాళ్లకు ఇసుకే గ్రౌండ్. మెత్తటి ఇసుకలో పరిగెత్తితే గట్టి నేలతో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. దెబ్బ మాత్రం తక్కువ. సైకిల్ నుంచి పరుగుకు మారేవాళ్లకు మొదటి రెండు, మూడు వారాలు ఇది మంచి వంతెన. అయితే మడమ లోతుగా దిగడం వల్ల పిక్కల మీద, అకిలిస్ టెండన్ మీద లాగుడు ఎక్కువ. అలలు తడిపిన గట్టి ఇసుక నయమే కానీ, సముద్రం వైపు వాలు ఉంటుంది. ఎప్పుడూ ఒకే దిక్కుకు పరిగెత్తితే ఒక కాలి మీదే భారం పడుతుంది. వెళ్లినంత దూరం వెనక్కి కూడా పరిగెత్తాలి.

ముఖ్యంగా, పరీక్ష జరిగేది బీచ్‌లో కాదు. చివరి నెలంతా గట్టి నేల మీద, కొలిచిన దూరంలో పరిగెత్తాల్సిందే.

ఉక్కపోత ఇంకో సమస్య. సైకిల్ మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ గాలికే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. పరుగులో ఆ వేగం సగం కూడా ఉండదు. తేమ ఎక్కువుండే నెల్లూరు తీరంలో చెమట కారుతుందే తప్ప ఆరదు. సైకిల్ మీద ఎండను తట్టుకున్నా కదా అనుకుంటే పొరపాటే.

పరుగును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో దేశం చూసింది. 2024లో ఝార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో 10 కిలోమీటర్ల పరుగు సందర్భంగా పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చూపించుకోవాలి.

మరి ఏం చేయాలి?

• మొదటి రెండు వారాలు: రోజు విడిచి రోజు 15 - 20 నిమిషాలు. కాసేపు నడక, కాసేపు జాగింగ్. దమ్ము మిగిలినా ఆపేయాలి. మిగతా రోజులు సైకిల్.

• 3 నుంచి 6 వారాలు: వారానికి మూడు, నాలుగు రోజులు పరుగు. కాళ్లు నొప్పిగా ఉన్న రోజు సైకిల్ మీదే 3 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు నెమ్మదిగా తొక్కితే గుండెకు పని తగ్గదు.

• 7 నుంచి 10 వారాలు: వారానికి ఒకట్రెండు సార్లు 400 మీటర్ల రౌండ్లు. 8 నిమిషాల టార్గెట్ ఉన్నవాళ్లు రౌండ్ 1 నిమిషం 50 సెకన్లలో కొట్టి, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ 4 నుంచి 6 సార్లు చేయాలి.

• 100 మీటర్లు, లాంగ్ జంప్‌కు సైకిల్ సాయం అంతంతమాత్రమే. వాటికి విడిగా ప్రాక్టీస్ తప్పదు.

లెక్క తేలింది ఇలా..

రోజూ సైకిల్ తొక్కే యువతకు 8 నిమిషాల గీత అందనిదేమీ కాదు. కాళ్లకు రెండున్నర నెలల టైమ్ ఇస్తే చాలు. 5 నిమిషాల 30 సెకన్ల గీతకు మాత్రం సైకిల్ ఒక్కటే సరిపోదు. వేగం పెరిగేకొద్దీ సైకిల్ ఇచ్చే సాయం తగ్గిపోతుంది, పరుగు ప్రాక్టీసే తేల్చాలి.

నోటిఫికేషన్‌కు, గ్రౌండ్‌కు మధ్య రెండేళ్లు గడిచిపోయే పరిస్థితుల్లో, పెద్దగా ఖర్చు లేకుండా దమ్ము కాపాడుకోవడానికి సైకిల్‌ను మించింది లేదు. కానీ తేదీ ప్రకటించాక పరుగు మొదలుపెడదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. వారానికి రెండు రోజులైనా, పది నిమిషాలైనా కాళ్లకు నేల అలవాటు తప్పకుండా చూసుకోవాలి. సైకిల్‌తో వచ్చిన దమ్మును గ్రౌండ్‌లో వాడుకోవాలంటే దారి అదొక్కటే.