కారు షెడ్డుకెళ్లిన నలభై రోజులు

మా ఇంట్లో కారు తాళం చెవికి ఒక మేకుంది. మావారి చొక్కాలు తగిలించే కొక్కేల పక్కన. కారు కొన్నప్పుడు డబ్బు తక్కువైతే నా గాజులు నాలుగూ బ్యాంకులో పెట్టాం. గాజులైతే విడిపించుకున్నాను గానీ తాళం చెవి మాత్రం ఏడేళ్లలో ఒక్కసారీ నా చేతికి రాలేదు. రాలేదని నాకూ తోచలేదు, అదీ చిత్రం!

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. బందరు వాళ్లకి తుపాన్లు కొత్తేం కాదు. కొవ్వొత్తులు, బిందెల నిండా నీళ్లు, మంచం మీదకెక్కించిన బియ్యం డబ్బా... అన్నీ సర్దుకున్నాం. కారు సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. మా వీధి పల్లం. తెల్లారి చూస్తే బంపరు మునిగి ఉంది. మావారు నీళ్లలో దిగి వెళ్లి, "కాస్త మెరక మీద పెడతాను" అంటూ తాళం తిప్పారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి టక్కుమని ఊరుకుంది.

మెకానిక్కు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లోకి పోతాయట. గాలైతే నొక్కితే అణుగుతుంది, నీళ్లు అణగవు. పిస్టను పైకి రావడానికి చోటు లేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. "తాళం తిప్పకుండా ఉంటే నీళ్లు తీసేసి, ఆయిలు మార్చి ఇచ్చేవాణ్ణమ్మా" అన్నాడు. వంట చిట్కాలు రాసుకునే పుస్తకంలోనే ఇదీ రాసి పెట్టుకోండి: మునిగిన కారుని స్టార్టు చెయ్యకూడదు. బ్యాటరీ తీగ ఊడదీయించి, షెడ్డుకి లాగించుకు వెళ్లాలి.

ఇన్సూరెన్సు సంగతి మరీను. వరద నష్టానికి డబ్బిస్తారు గానీ, నీళ్లలో స్టార్టు చెయ్యడం వల్ల పాడైన ఇంజనుకి మామూలు పాలసీలో సాధారణంగా రాదు. ఇంజను ప్రొటెక్షనని విడిగా కట్టుకోవాలి. మా పాలసీలో అది లేదు. ఆ కాగితం బీరువాలో నా పట్టుచీరల కిందే ఉంది, విప్పి చూసిన పాపాన పోలేదు. కూరల బండి దగ్గర రెండు రూపాయలకి పావుగంట బేరమాడే మనిషిని, వేలకి వేలు కట్టే కాగితాన్ని "మగవాళ్ల వ్యవహారం" అని చీరల కింద తోసేశాను. మీలో ఎంతమంది చదివారో చెప్పండి చూద్దాం.

సరే, కారు షెడ్డుకెళ్లింది. వారం రోజులు ఇల్లు కదల్లేదు. కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. కారు వచ్చాక నా తిరుగుళ్లు పెరగలేదు, తగ్గాయి! అంతకు ముందు గుడివాడలో చెల్లెలి దగ్గరికి నెలకోసారైనా రైల్లో వెళ్లేదాన్ని. చిలకలపూడి, పెడన, కవుతరం... కిటికీ పక్కన కూర్చుంటే పొలాలు చూస్తూ చూస్తూ ఉండగానే గుడివాడ. 1908 నుంచీ ఉన్న రైలు మార్గం అది. కారొచ్చాక "రైలెందుకు, ఆదివారం నేను తీసుకెళ్తాగా" అన్నారు మావారు. ప్రేమతోనే అన్నారు. ఆ ఆదివారం ఆయనకి తీరిక ఉండాలి, పెట్రోలు ఉండాలి, టీవీలో క్రికెట్టు ఉండకూడదు. చెల్లెల్ని చూసి ఏడు నెలలైంది.

రెండో వారంలో దివిసీమ నుంచి ఫోను. అమ్మ బాత్రూంలో జారిపడింది, మణికట్టు విరిగింది. పక్కింటివాళ్లు అవనిగడ్డ తీసుకెళ్లి కట్టు కట్టించారు. అప్పటికి సాయంత్రం నాలుగు. "పొద్దున్నే టాక్సీ మాట్లాడతాను" అన్నారు మావారు. పొద్దుటిదాకా అమ్మ ఒక్కతే ఒంటి చేత్తో ఏం చేస్తుంది? రెండు చీరలు సంచిలో పెట్టుకుని బస్టాండుకి వెళ్లిపోయాను.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు కదా. నేను ఎక్కడం అదే మొదటిసారి. కారున్నవాళ్లం మరి! ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు చేతిలో పెట్టాడు. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ... అవనిగడ్డలో దిగేసరికి చీకటి పడిపోయింది. మా ఊరి బస్సు వెళ్లిపోయిందన్నారు. దాని టైము తెలుసుకోకుండా బయల్దేరడం నా తెలివితక్కువ. పుట్టి పెరిగిన ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో తెలియని డిగ్రీ నాది.

రొయ్యల షెడ్డులో పని చేసి ఇళ్లకి వెళ్లే ఆడవాళ్లు ఐదుగురు షేరు ఆటో కోసం నిలబడి ఉన్నారు. నన్ను కూడా ఎక్కించుకున్నారు. ఏ బస్సు ఎప్పుడో వాళ్లకి నోటికొచ్చు. "కారు చెడిపోతే గానీ బస్సు గుర్తు రాలేదా అక్కా?" అని ఒకావిడ నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

"ఫ్రీ అనేసరికి ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు" అనే మాట మా వీధి అరుగుల మీద రోజూ వింటూనే ఉన్నాను. మగవాడు బండేసుకుని సెంటరుకి టీకి వెళ్తే దాన్ని తిరగడం అనరేం? అమ్మని చూడ్డానికి వెళ్లడం, గుడికి వెళ్లడం, ఏ పనీ లేకుండా గుడివాడ వెళ్లి చెల్లెలితో కాఫీ తాగి రావడం, ఇవన్నీ ఊరికేనే అయితే ఊరికే తిరగనివ్వండి. నా మాట వేరు. టిక్కెట్టు లేకపోవడం సగం మేలు, చీకటి పడ్డాక బస్సుండటం మిగతా సగం. పల్లెలకి సాయంత్రం ఇంకో బస్సు, బస్టాండులో శుభ్రమైన బాత్రూము... కారున్న ఇళ్ల ఆడవాళ్లం కూడా ఎక్కితేనే ఈ మాట గట్టిగా అడిగేవాళ్లు పెరుగుతారు.

అమ్మ నన్ను చూసి, "రాత్రిపూట ఒక్కదానివే ఎలా వచ్చావే?" అంది. ఈ మాట అన్నది ఎవరనుకున్నారు? 2006లో పులిగడ్డ - పెనుమూడి వంతెన రాకముందు తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను చెయ్యిపట్టుకుని, పడవలో కృష్ణ దాటి రేపల్లె వెళ్లొచ్చిన మనిషి! 1977 నవంబరు ఉప్పెన చూసిన మనిషి. నేను కారున్న ఇంటి కోడల్ని కదా, అందుకని భయపడింది.

నలభై రోజులకి కారొచ్చింది. బిల్లు నేనే తీసుకుని వరస వరసా చదివాను. ఒకచోట లేబరు రెండుసార్లు వేశారు. అడిగితే తగ్గించారు. మావారు ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మేకు మాత్రం పీకించి హాల్లో గడియారం కింద కొట్టించాను. దాని పక్కనే అవనిగడ్డ బస్సుల టైములూ, గుడివాడ రైళ్ల టైములూ రాసి అంటించాను. ఎల్.ఎల్.ఆర్. కోసం దరఖాస్తు కూడా పెట్టాను. మావారు ఇంకా హైవే మీద లారీల గురించి చెబుతూనే ఉన్నారు.