క్వార్టరుంది, కునుకే లేదు

ఎవరి బతుకు ఎక్కువ కష్టమో వారికే ఒత్తిడి ఎక్కువ అనుకోవడం మామూలు. భిలాయ్ ఈ లెక్కను తలకిందులు చేసింది. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కు పట్టణాన్ని 1990ల నుంచి అధ్యయనం చేసిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ 2012లో ఇక్కడి ఆత్మహత్యలపై ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆర్థిక సంస్కరణల తర్వాత ఇక్కడ ఆత్మహత్యలు బాగా పెరిగాయని, పూట గడవని కూలీల ఇళ్లకన్నా స్టీల్ ప్లాంట్‌లో పర్మినెంట్ ఉద్యోగం, టౌన్‌షిప్‌లో క్వార్టరు, కంపెనీ వైద్యం ఉన్న ఇళ్లకే ఆ ముప్పు ఎక్కువైందని ఆయన వాదన. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లోనూ ఆత్మహత్యల రేటు ఎక్కువున్న నగరాల సరసన దుర్గ్-భిలాయ్ పేరు పలు ఏళ్లు కనిపించింది.

సైకాలజీలో శిక్షణ పొందుతున్న ఏ విద్యార్థినైనా నీకు ఆసక్తి ఉన్న అంశాలేమిటని అడగండి. ఒత్తిడి, దాన్ని తట్టుకునే తీరు, ఆరోగ్యపు అలవాట్లు అన్న మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. ఎక్కడైనా పనికొచ్చే అంశాలే. కానీ ఆ విద్యార్థి ఉండేది కల్యాణ్ కాలేజీ ఉన్న భిలాయ్ సెక్టర్ 7లో అయితే, ఆ మూడింటికీ ఉదాహరణలు పక్క క్వార్టర్లలోనే దొరుకుతాయి. పాఠ్యపుస్తకం చెప్పని ఒక ప్రశ్న కూడా దొరుకుతుంది. అన్నీ ఉన్నాయనుకున్న ఇంటికి నిద్ర ఎందుకు కరువైంది?

ఈ క్వార్టర్లకు తెలుగు కొత్త కాదు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో పాటు ఉత్తరాంధ్ర జనమూ ఇక్కడికి రైలెక్కారు. సెక్టర్ 5లోని బాలాజీ గుడి, ఆంధ్ర సాహిత్య సమితి, ఖుర్సీపార్ బస్తీల్లో వినిపించే తెలుగు ఆ వలసకు గుర్తులు. ఇలాంటి చాలా కుటుంబాల కథ ఒకటే: తాత తట్ట మోశాడు, తండ్రి పర్మినెంటయ్యాడు. మూడో తరం దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది.

అంకెలే ఆ సంగతి చెబుతాయి. 1980ల మధ్యలో గనులతో కలిపి 60 వేలు దాటిన పర్మినెంట్ సిబ్బంది 2010 ప్రాంతానికి దాదాపు సగమయ్యారు. ఆ తర్వాతా తగ్గుతూనే వచ్చారు. ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ప్లాంట్‌ను 70 లక్షల టన్నులకు విస్తరించి, 2018 జూన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. మరి పని ఎవరు చేస్తున్నారు? కొంత యంత్రాలు, చాలావరకు కాంట్రాక్ట్ కార్మికులు. భిలాయ్‌లో జనం ఈ తేడాను రెండు హిందీ మాటల్లో తేల్చేస్తారు. పర్మినెంట్ అయితే ‘నౌకరీ’. కాంట్రాక్ట్ అయితే ఒట్టి ‘కామ్’. ఒకే గేటు గుండా వెళ్లే ఇద్దరి మధ్య జీతంలో, వైద్యంలో, పెళ్లి సంబంధాల్లో కూడా ఎంతో దూరం ఉంది.

ఒత్తిడి శాస్త్రం ఇక్కడే అక్కరకొస్తుంది. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యీ 1936లో ఎలుకలపై ప్రయోగాలతో చూపింది ఏమిటంటే, బాధ పెట్టేది ఏదైనా శరీరం ఇంచుమించు ఒకే తీరున స్పందిస్తుందని. అలాంటప్పుడు ఒకే కష్టం ఇద్దరిని వేర్వేరుగా ఎందుకు దెబ్బతీస్తుంది? దీనికి రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984 నాటి తమ పుస్తకంలో జవాబిచ్చారు. మనిషి మొదట తనకేం ముప్పు వచ్చిందో అంచనా వేసుకుంటాడు. ఆ వెంటనే దాన్ని ఎదుర్కొనే సత్తా తన చేతిలో ఎంతుందో లెక్క చూసుకుంటాడు. ఈ రెండింటి మధ్య అంతరమే ఒత్తిడి. తట్టుకునే తీరులు కూడా రెండు రకాలు. సమస్యనే మార్చడం ఒకటి. సమస్య మారనప్పుడు మనసును సర్దుకోవడం మరొకటి.

ఈ చూపుతో సెక్టర్ 7లో ఒక పర్మినెంట్ ఉద్యోగి ఇంటిని ఊహించుకోండి. తిండికి లోటు లేదు. కానీ రిటైరైతే క్వార్టరు వదలాలి (2000ల తర్వాత లీజు పథకాల వల్ల కొందరికి ఇల్లు మిగిలింది). కొడుక్కి ప్లాంట్‌లో నౌకరీ వస్తుందన్న నమ్మకం లేదు. రాకపోతే అతనికి మిగిలేది తండ్రి ఇన్నాళ్లూ తక్కువగా చూసిన ‘కామ్’. ముప్పు చాలా పెద్దది, చేతిలో ఉన్నది చాలా తక్కువ. కూలీ ఇంట్లో ఈ భయం ఉండదని కాదు. అక్కడ రేపటి గురించిన ఆశే అంత ఎత్తుకు పెరగలేదు. పడిపోతామన్న దిగులు ఎత్తుకు ఎక్కినవారిదే. ఎక్కిన మెట్టు పిల్లలకు అందించలేకపోతున్నామన్న ఈ ఆందోళనే ఆత్మహత్యల వెనుక ముఖ్య కారణమని ప్యారీ విశ్లేషణ.

ఆ దిగులు మోసేది తండ్రి ఒక్కడే కాదు. నౌకరీకి ఉన్న ఒకే ప్రత్యామ్నాయంగా చదువును చూడడంతో భిలాయ్ మధ్య భారతంలో పేరున్న ఐఐటీ కోచింగ్ కేంద్రమైంది. 2016లో ఐఐటీ భిలాయ్ కూడా వచ్చింది. అందులో సీట్లు పట్టణంలోని ఆశలన్నింటికీ సరిపోవు. తెలుగు పాఠకులకు ఈ కథ తెలియనిది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్షకు పిల్లవాడి మార్కులతో పాటు ఇంటి అంతస్తును కూడా నిలబెట్టే బాధ్యత అప్పగిస్తే, ఫెయిలవడం చదువుకు సంబంధించిన విషయంగా మిగలదు.

ఈ దిగులుకు షిఫ్టు తోడవుతుంది. ఫర్నేస్‌కు రాత్రీ పగలూ లేవు కాబట్టి మనిషికీ ఉండవు. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి అంటే శరీరంలోని గడియారం ఎప్పటికీ కుదురుకోదు. శరీరపు రోజువారీ లయను చెదరగొట్టే షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అని వర్గీకరించింది. 2019లో నైట్ షిఫ్టు పనిపై మళ్లీ అదే నిర్ధారణకు వచ్చింది. గుండెకు, చక్కెరకు, నిద్రకు దీనివల్ల జరిగే చేటు వేరు. పని భారం ఎక్కువై, ఆ పనిపై తనకు అధికారం తక్కువైనప్పుడే ఒత్తిడి ముదురుతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పిన సూత్రానికి షిఫ్టు చార్టు చక్కటి ఉదాహరణ. దాన్ని పాటించేవాడు దాన్ని రాయడు.

ఇక ఆరోగ్యపు అలవాట్లు. 2016-17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ పెద్దల్లో 39.1 శాతం మంది పొగాకు వాడుతున్నారు. దేశ సగటు 28.6, ఆంధ్రప్రదేశ్‌లో 20, తెలంగాణలో 17.8 శాతం. ఇక్కడ ఖైనీ, గుట్కాలతో పాటు పళ్లు తోమే మిషతో వాడే పొగాకు ముద్ద ‘గుడాఖు’ కూడా ఉంది. మద్యం సంగతీ అంతే. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వేలో మద్యం తాగేవారి శాతంలో ఛత్తీస్‌గఢ్‌ది మొదటి స్థానం: 35.6 శాతం. దేశ సగటు 14.6. ఇవి రాష్ట్రం మొత్తం అంకెలు. వీటిలో సంప్రదాయం పాలూ ఉంది, అంతా ఒత్తిడి ఖాతాలో రాయలేం. అయినా నైట్ షిఫ్టులో కన్ను మూతపడకుండా నోట్లో వేసుకునే ఖైనీ, డ్యూటీ దిగాక నిద్ర పట్టడానికి పుచ్చుకునే గ్లాసు చెడు అలవాట్లు మాత్రమే కావు. వాడి దృష్టిలో అవి మందులు. ‘మానెయ్’ అని బోర్డు పెట్టేవారు దానికి బదులు ఏమిస్తారో కూడా చెప్పాలి.

ప్రమాదాల భయం వేరే. 2014 జూన్ 12న పంప్‌హౌస్ వద్ద విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ విభాగంలో గ్యాస్ పైప్‌లైన్ వద్ద మంటలు రేగి పది మందికి పైగా బలయ్యారు. ఇలాంటి ఘటన తర్వాత నష్టపరిహారం లెక్క తేలుతుంది, విచారణ కమిటీ పడుతుంది. పక్కనే నిలబడి చూసి, మర్నాడు అదే చోట డ్యూటీ ఎక్కినవాడి మనసు మాత్రం ఏ ఫైలుకూ ఎక్కదు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన ‘వైట్‌హాల్’ అధ్యయనం, హోదా తగ్గే కొద్దీ గుండెజబ్బు మరణాలు పెరుగుతాయని తేల్చింది. మరి భిలాయ్‌లో పైమెట్టువాడికే ముప్పు ఎక్కువ అనడం ఎలా? రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. కాంట్రాక్ట్ కార్మికుడి శరీరం వేడికి, దుమ్ముకు, తక్కువ కూలికి రోజూ కరుగుతూనే ఉంటుంది. అతని ఒత్తిడి ఒంట్లో బయటపడుతుంది, పర్మినెంట్ ఇంటి ఒత్తిడి మనసులో పగులుతుంది. ఒకరికి చేతిలో ఏమీ లేదు, మరొకరి చేతిలో ఉన్నది నిలవదు. ఒకే మందు ఇద్దరికీ సరిపడదు.

శిక్షణలో ఉన్న విద్యార్థికి చేయాల్సిన పని ఇక్కడే ఉంది. మన దేశంలో ఉద్యోగ ఒత్తిడిని కొలవడానికి ఎక్కువగా వాడేది బెనారస్‌కు చెందిన ఎ.కె.శ్రీవాస్తవ, ఎ.పి.సింగ్ 1980ల్లో తయారుచేసిన 46 ప్రశ్నల సూచిక. పని భారం, బాధ్యతల్లో అస్పష్టత, హోదా వంటివి అందులో ఉన్నాయి. మంచి సాధనమే. కానీ అది ఉద్యోగినే అడుగుతుంది. నైట్ షిఫ్టు తర్వాత పగలు పడుకున్న భర్తకు మెలకువ రాకుండా పిల్లల నోరు మూయించే భార్యను, మూడోసారి పరీక్ష రాసి ఇంటికొచ్చిన కొడుకును, గేటు పాసు ఎప్పుడు రద్దవుతుందో తెలియని కాంట్రాక్ట్ కార్మికుడిని అడగదు. భిలాయ్‌లో ఒత్తిడి యూనిట్ ఫర్ఫార్మెన్స్ నివేదికలో కన్నా వంటింట్లో ఎక్కువ దొరుకుతుంది.

కొలిచాక ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. నిమ్హాన్స్ జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. కంపెనీ పట్టణాల్లో దీనికి మరో కారణం తోడవుతుంది. వైద్యం, ఉద్యోగం ఒకే యజమాని చేతిలో ఉన్నప్పుడు ‘మనసు బాగాలేదు’ అన్న మాట తన ఫిట్‌నెస్ కాగితం మీదికి ఎక్కుతుందేమోనన్న శంక సహజం. అందుకే గోప్యత హామీ లేని కౌన్సెలింగ్ గది ఎంత అందంగా ఉన్నా ఖాళీగానే ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కు చేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. ఒత్తిడి నేరం కాదని చట్టం ఒప్పుకుంది, పని చోటు ఇంకా ఒప్పుకోవాలి.

ధ్యానం, యోగా, ఉపన్యాసాలు వద్దని ఎవరూ అనరు. మార్చలేని దాన్ని తట్టుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ మార్చగలిగిన వాటిని వదిలేసి, తట్టుకోవడమొక్కటే నేర్పితే భారమంతా కార్మికుడి నెత్తినే పడుతుంది. షిఫ్టు ఎలా తిరగాలో కార్మికులతో మాట్లాడి నిర్ణయించడం, ప్రమాదం తర్వాత అక్కడున్న ప్రతి ఒక్కరినీ, కాంట్రాక్ట్ వారితో సహా, మనోవైద్యుడి దగ్గరికి పంపడం, గేటు బయట గోప్యంగా సలహా దొరికే చోటు చూపడం యాజమాన్యం చేతిలో పనులే. నౌకరీ రాని కొడుకు ఓడిపోయినవాడు కాదని చెప్పగలగడం ఇంటి చేతిలో పని. ఇది విశాఖ ఉక్కుకూ వర్తిస్తుంది. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడిన నాటి నుంచి అక్కడి కాలనీల్లోనూ రేపటి మీద ఇదే బెంగ.

సాయం కావాల్సినవారు వేచి ఉండనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. నైట్ షిఫ్టు నుంచి వచ్చినవాడికైనా సరే.