ఇంగ్లీషు తరగతిలో ప్రాజెక్టులకు చోటు కావాలి

శ్రీ సత్యసాయి జిల్లా విద్యాశాఖాధికారి గారికి, పుట్టపర్తి.
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు ఉపాధ్యాయులు సమర్పించుకునే వినతిపత్రం.

అయ్యా,

ప్రపంచ పౌరసత్వాన్ని బడిలో నేర్పాలని 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో చేర్చింది. 2020 జాతీయ విద్యావిధానమూ అదే చెప్పింది. మా తరగతుల్లో మాత్రం ప్రాజెక్టు అంటే ఇప్పటికీ దుకాణంలో కొన్న చార్టు, గైడులోంచి దించిన నాలుగు వాక్యాలు. మార్కులు పడతాయి, మాట రాదు.

ప్రపంచం కోసం మా పిల్లలు దూరం పోనక్కర్లేదు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, ధర్మవరంలో మగ్గాలున్నాయి. చైనా ముడిపట్టు చవకగా దిగితే గూళ్ల ధర పడి రైతు దిగాలు పడతాడు. దిగుమతి సుంకం పెంచితే పట్టు ధర పెరిగి నేతన్న నలుగుతాడు. ఇద్దరి పిల్లలూ మా బడుల్లోనే ఉన్నారు. హిందూపురం పిల్లలు రైతునీ, ధర్మవరం పిల్లలు నేతన్ననీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనో ఉర్దూలోనో కన్నడలోనో అడిగి తెలుసుకోవాలి. తెలిసింది ఇంగ్లీషులో రాసి, ఆ ఊరి బడికి ఈ ఊరి బడి ఉత్తరాలు పంపాలి. అప్పుడు సుంకం పెంచాలా వద్దా అని వాదించుకోనివ్వండి. గెలుపు ఎవరిదైనా మాకు అభ్యంతరం లేదు. పెనుకొండ పిల్లలకు ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ తయారవుతున్న కార్లు ఏయే దేశాలకు పోతున్నాయో, గొల్లపల్లి జలాశయం నీళ్లను ఎవరెవరు వాడుకుంటున్నారో వాళ్లే ఆరా తీయాలి.

ఇందుకు మేము కోరేది పెద్ద బడ్జెట్ కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి రెండు ఇంగ్లీషు పీరియడ్లు వెంట వెంటనే ఉండేలా టైంటేబుల్ మార్చుకునే వీలు కల్పించండి. మార్కెట్‌కూ మగ్గాల వీధికీ పిల్లల్ని తీసుకెళ్లే అనుమతి ప్రధానోపాధ్యాయుల స్థాయిలోనే దొరకాలి. ప్రాజెక్టు మార్కుల్లో సగం నోటిమాటకు కేటాయించండి. తప్పుల్లేని కాపీ కన్నా తప్పులతోనైనా సొంతంగా రాసిన పేజీకి ఎక్కువ మార్కులు వేయవచ్చని లిఖితపూర్వకంగా ఆదేశమివ్వండి. అది లేకపోతే తనిఖీకి వచ్చినవారికి మేము జవాబు చెప్పుకోలేం. పదో తరగతిని ఇందులోకి లాగమని అడగడం లేదు, పబ్లిక్ పరీక్షల ఒత్తిడి మాకు తెలుసు.

ముందుగా ఈ మూడు పట్టణాల్లో ఒక్కో బడిలో వచ్చే విద్యాసంవత్సరం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టేందుకు ఉత్తర్వులివ్వాలని ప్రార్థన.

ఇట్లు,
భవదీయులు,
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇంగ్లీషు ఉపాధ్యాయులు