ఫోర్డు వి-8 కారు నేర్పు పాఠము

ఒక వస్తువును గొప్పదని మెచ్చుకొనుట సులభము. ఆ గొప్పతనమునకు ఎవరెవరు వెల చెల్లించిరో విచారించుట కష్టము. మోటారు బండ్ల ముచ్చటలయందు మక్కువ గల మా విద్యార్థులకు 1932లో అమెరికాలో వెలువడిన ఫోర్డు వి-8 కారును ఉదాహరణముగా చూపదలచితిమి.

ఎనిమిది సిలిండర్ల ఇంజను అంతకుముందు లేకపోలేదు. కాడిలాక్ సంస్థ 1914లోనే దానిని ప్రవేశపెట్టెను. కాని అట్టి కారు ధనికుల వాకిటనే నిలిచెడిది. నాలుగేసి సిలిండర్ల దిమ్మెలను విడిగా పోతపోసి, క్రింది పెట్టెకు బిగించెడివారు. అంతయు ఒకే పోతగా పోసినచో వెల తగ్గునని హెన్రీ ఫోర్డు పట్టుబట్టెను. మొదట పోసిన దిమ్మెలలో పనికిరాక పోయినవి అనేకములు. తుదకు పని నెగ్గినది. 221 ఘనపు అంగుళముల పరిమాణము, 65 అశ్వశక్తి గల ఆ కారు కనీసపు వెల ఐదువందల డాలర్లకు లోపే. లోపములును కలవు: వేడి పొగ దిమ్మె గుండ పోవుటచే ఇంజను త్వరగా వేడెక్కెడిది. అయినను మార్పులు చేర్పులతో అది అమెరికాలో ఫోర్డు కార్లయందు 1953 వరకు నిలిచెను.

ఇది చరిత్రలో ఒక పుట. రెండవ పుట వేరు. ఆ కారు 1932 మార్చి 31న ప్రజల కంటబడెను. దానికి ఇరువదినాలుగు దినముల ముందు, మార్చి 7న, ఆర్థిక మాంద్యములో పనులు పోగొట్టుకొన్న వేలాది కార్మికులు డిట్రాయిట్ నుండి డియర్‌బోర్నులోని ఫోర్డు కర్మాగారమునకు ఊరేగింపుగా నడచి, పని ఇమ్మని, వైద్యసహాయము చేయుమని కోరబోయిరి. పోలీసులు, కర్మాగారపు కావలివారు జరిపిన కాల్పులలో నలుగురు మరణించిరి. గాయపడిన మరియొకడు తరువాత చనిపోయెను. ఆ సంస్థ కార్మిక సంఘముతో ఒడంబడిక చేసికొన్నది 1941లో.

"ఇంజను చేసిన నేరమేమి? రెండింటిని ముడిపెట్టుట తగునా?" అని కొందరడుగవచ్చును. ఇంజను నేరము చేసినదని మేమనము. సామాన్యునకు మేలైన బండిని చౌకగా అందించిన పట్టుదల మెచ్చదగినదే. ఆ సామాన్యుడే పని కొరకు ద్వారము చెంతకు వచ్చినపుడు అతని మాట విననీయని పట్టుదల మెచ్చదగినది కాదు.

విద్యార్థులారా! అశ్వశక్తి లెక్కలు నేర్చుకొనుడు, వలదనము. కాని ఏ యంత్రమును చూచినను, "ఇది ఎట్లు పనిచేయును?" అను ప్రశ్నతోపాటు "దీనిని చేసినవారు ఎట్లు బ్రదికిరి?" అనియు అడుగుడు. ఈ రెండవ ప్రశ్న లేని చదువు సగము చదువేయని మా అభిప్రాయము.